బొమ్మ వచ్చిందా?

"బొమ్మ వచ్చిందా?"

"వచ్చింది, వచ్చింది... అయ్యో, పోయింది!"

ఈ రెండు కేకలూ వినపడని ఇల్లు 1980ల హైదరాబాదులో ఒక్కటైనా వుండేదంటే నేను నమ్మను. మొదటిది డాబా మీది నుంచి, రెండోది హాల్లో నుంచి. మధ్యన మెట్ల మీద ఒక పిల్ల, పైమాట కిందికీ కిందిమాట పైకీ మోస్తూ వుండేది. ఖైరతాబాదులో మా ఇంట్లో ఆ పిల్లను నేనే. అప్పటికి నాకు ఏడేళ్ళు.

అక్కలారా, చెల్లెళ్ళారా! ఈవేళ మీతో చెప్పబోయేది చరిత్రే. అయితే రాజులదీ కోటలదీ కాదు, డాబా మీది అల్యూమినియం కమ్ముల చరిత్ర. టి.వి. చరిత్ర అనగానే ఎవరైనా ఏం చెబుతారు? ఢిల్లీలో 1959 సెప్టెంబరు 15న మొదలైంది. బొంబాయికి 1972లో వచ్చింది. మద్రాసుకు 1975లో వచ్చింది. 1976 ఏప్రిల్ 1న రేడియో నుంచి విడిపోయి దూరదర్శన్ వేరింటి కాపురం పెట్టింది. మన హైదరాబాదు కేంద్రాన్ని 1977 అక్టోబరు 23న రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డిగారు ప్రారంభించారు. ఇవన్నీ నిజమే, కాదనను. కానీ రిబ్బను కత్తిరించినంత మాత్రాన మన ఇంట్లో బొమ్మ పడలేదు కదా! బొమ్మ పడాలంటే ఎవరో ఒకరు డాబా ఎక్కి ఆ గొట్టం తిప్పాలి. ఆ ఎవరో ఒకరు మగవారేనని అనుకుంటాం గానీ, వారు ఆఫీసుల్లో వుండగా గాలివానలకు కమ్ములు పక్కకు తిరిగితే ఎవరు ఎక్కారో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇందులో ఒక తమాషా వుంది. నగరంలో వున్న మనకంటే ముందు టి.వి. చూసింది పల్లెవాళ్ళు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు, సరిగ్గా ఏడాదిపాటు, అమెరికా వారి ఏ.టి.ఎస్-6 ఉపగ్రహాన్ని మనదేశం అరువు తెచ్చుకుంది. దాన్ని ‘సైట్’ ప్రయోగం అనేవారు. ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలు. మన వైపు మహబూబ్‌నగర్, మెదక్, కర్నూలు, హైదరాబాదు జిల్లాల పల్లెల్లో బడి దగ్గరో పంచాయతీ దగ్గరో ఒక పెట్టె పెట్టి తెలుగులో కార్యక్రమాలు చూపించారు. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు. ఆకాశం నుంచి పట్టటానికి పదడుగుల వెడల్పు గొడుగు, అదీ కోళ్ళదొడ్డికి వాడే ఇనప జాలీ లాంటి దానితో చేసింది! ఉపగ్రహం వుండేది 36,000 కిలోమీటర్ల ఎత్తున కాబట్టి దారిలో కొండలూ గుట్టలూ అడ్డం రావు. ఏడాది కాగానే అరువు సొమ్ము వెనక్కి వెళ్ళిపోయింది. ఆ మర్నాడు సాయంత్రం అలవాటుగా పెట్టె ముందు చేరి కూర్చున్న పిల్లల మొహాలు ఎలా వుండి వుంటాయో అనిపిస్తుంది నాకు.

నగరానికి వచ్చింది ఉపగ్రహం కాదు, టవరు. స్టూడియో రామంతపూర్‌లో, టవరు మూసారంబాగ్ దగ్గర. ఇప్పటికీ బస్సు ఎక్కి ‘టి.వి. టవర్’ అంటే కండక్టరు టికెట్టు కొట్టి ఇస్తాడు. టవరు నుంచి వచ్చే ఈ రకం తరంగాలు చాలావరకు తిన్నగానే పోతాయి. రేడియో మీడియం వేవులాగా నేలనంటి వంపులు తిరిగి రావు. దీపం వెలుగు గోడ దాటి అవతలి గదిలోకి ఎంత వస్తుందో, పెద్ద కొండ చాటున ఇవీ అంతే. కాస్త వంగి వస్తాయి గానీ బలం తగ్గిపోతుంది.

ఇప్పుడు మా ఖైరతాబాదును చూడండి. కుతుబ్‌షాహీల నాటి ఖైరున్నీసా బేగం పేరు మీద వెలసిన పేట అంటారు. మా డాబా మీద నిలబడి తూర్పుకూ దక్షిణానికీ మధ్యగా చూస్తే, ఏడెనిమిది కిలోమీటర్ల అవతల టవరు వుండాలి. వుంది కూడా. కానీ కనపడేది టవరు కాదు, నౌబత్ పహాడ్. దానిమీద 1976లో వెలసిన బిర్లా మందిరం తెల్లగా మెరుస్తూ వుంటుంది. నౌబత్ అంటే నగారా. పూర్వం ఆ కొండమీద నగారా మోగించి ప్రభువుల ఆజ్ఞలు ఊరంతటికీ చాటించేవారని చెబుతారు. ఊరికంతా వార్త చాటిన కొండే మా ఇంటికి వార్తలు రాకుండా అడ్డం కూర్చుంది! ఇక వెనక పక్క, పడమర దిక్కున, బంజారా కొండల రాళ్ళు. ముందర అడ్డు, వెనక అద్దం. పంజాగుట్ట వాళ్ళకు ముందు అడ్డు కాస్త తక్కువే గానీ వెనక రాళ్ళు మాత్రం వాళ్ళకూ తప్పలేదు. అమీర్‌పేటలో చాలాచోట్ల కొండలకంటే తరవాత లేచిన పెద్ద పెద్ద మేడలే చిక్కు తెచ్చిపెట్టాయి.

అందుకే యాంటెన్నా. ఆ చేపముల్లు ఆకారం ఎవరి బుర్రలో పుట్టిందో మీకెప్పుడైనా తోచిందా? నాకు చిన్నప్పుడు అది ఇ.సి.ఐ.ఎల్. వాళ్ళే కనిపెట్టారని గట్టి నమ్మకం. ఎందుకంటే మా ఇంట్లోది వాళ్ళ ఇ.సి. టి.వి. 1967లో మన ఊళ్ళో అయ్యగారి సాంబశివరావుగారి సారథ్యంలో మొదలైన సంస్థ అది. కానీ యాంటెన్నా పుట్టిల్లు జపాను. సెందై పట్నంలోని తోహోకు విశ్వవిద్యాలయంలో యాగి అనే ఆచార్యుడూ, ఆయన దగ్గర పనిచేసే ఉదా అనే యువకుడూ వుండేవారు. కమ్ములు కోసి, దూరాలు కొలిచి, ఏది ముందుంటే ఏమవుతుందో ఏది వెనకుంటే ఏమవుతుందో ఓపికగా పరీక్షలు చేసింది ముఖ్యంగా ఉదా. 1926 నుంచి జపాను భాషలో వ్యాసాలు రాశాడు. 1928లో యాగి ఇంగ్లీషులో వ్యాసం రాశాడు. అందులో ఉదా పేరు చెప్పాడు, దాచలేదు. అయినా లోకం ఇంగ్లీషు వ్యాసమే చదివింది, ‘యాగి యాంటెన్నా’ అని పేరు పెట్టేసింది. పేటెంటు కూడా యాగి పేరునే. మన పాఠ్యపుస్తకాల్లో ‘ఉదా’ అంటే ఉదాహరణకు అని కదా, ఇటువంటి సంగతులకు ఆయన పేరే సరిపోయింది!

సొంత దేశంలోనూ దాని విలువ వెంటనే తెలియలేదు. 1942లో జపాను సేనలు సింగపూరు పట్టుకున్నప్పుడు ఒక బ్రిటిషు సైనికుడి నోటుపుస్తకంలో మాటిమాటికీ ‘యాగి’ అని వుందట. ఇదేమిటో తెలియక ఖైదీగా వున్న ఆయన్నే అడిగారట. "మీ దేశపు ఆచార్యుడి పేరేనయ్యా" అని ఆయన చెప్పవలసి వచ్చింది. ఇక మనకు దగ్గరి సంగతి. ఉదా 1955 నుంచి 1958 దాకా మన ఢిల్లీలోనే, నేషనల్ ఫిజికల్ లాబరేటరీలో నిపుణుడిగా పనిచేశాడు. ఆయన వెళ్ళిన మరుసటి ఏడే అక్కడ టి.వి. మొదలైంది. కోట్ల ఇళ్ళ మీద తన కమ్ములు లేవబోతున్నాయని ఆయనకు అప్పుడు తట్టిందో లేదో!

ఆ కమ్ముల కుటుంబంలో ఎవరి పని వారిదే. తీగ తగిలించే కమ్మి అసలైనది, తరంగాన్ని పట్టేది అదే. దాని వెనక వుండే కమ్మి కాస్త పొడుగు, అది వెనక్కి పోయేదాన్ని ముందుకు తోస్తుంది, వెనక నుంచి వచ్చేదాన్ని అడ్డుకుంటుంది. ముందువైపు కమ్ములు కాస్త పొట్టి, అవి తరంగాన్ని దారిచూపి తెస్తాయి. కాబట్టి పొట్టికమ్ములున్న వైపు టవరు వైపుండాలి. ఎన్ని ఇళ్ళల్లో ఇది తిరగేసి బిగించారో చెప్పలేను. పెద్దది ముందుండాలి అనుకోవటం మనకు అలవాటు కదా.

ఇక మా ఇంటి సంగతి. 1987 సంక్రాంతి. హైదరాబాదులో సంక్రాంతి అంటే పతంగులు, మాంజా. ఖైరతాబాదు కుర్రాళ్ళు తెగిన పతంగు కోసం మా డాబా మీద నడిచిన నడకకు నాలుగు పెంకులు లేచిపోయాయి, అది వేరే సంగతి. ఒక మాంజా మా యాంటెన్నాకు చిక్కుకుంది. వాళ్ళు అవతలి డాబా నుంచి గుంజారు. గొట్టం గిర్రున తిరిగి దిక్కు మారింది. పై రెండు కమ్ములు వంగాయి. పది రోజుల తరవాత, జనవరి 25 ఆదివారం నాడు, టి.వి.లో రామాయణం మొదలైంది.

ఆ ఆదివారాలు మీకు జ్ఞాపకమే వుంటాయి. రోడ్డు మీద మనిషి వుండడు. మా హాల్లో ఇరుగుపొరుగు అంతా కలిసి ఇరవైమంది. అందరికంటే ముందు పీట వేసుకుని మా నాయనమ్మ. తెర మీద రాముడు వచ్చాడు. ఆయన కుడిపక్కన మూడు వేళ్ళ ఎడంలో, మసగ్గా, ఇంకో రాముడూ వచ్చాడు. పిల్లలం నవ్వాం. "దయ్యం బొమ్మ" అన్నాం. రెండు వారాలు అలాగే చూశాం. మూడో వారం నాయనమ్మ పీట వేసుకోలేదు. హిందీ అర్థం కాక మానేసిందనుకున్నాం. వంటింట్లో కూర్చుని మాటలు మాత్రం వినేది.

అమ్మ ఎందుకో ఊరుకోలేదు. ఒక మధ్యాహ్నం అడిగింది, "ఏం అత్తయ్యా, రామాయణం చూడటం లేదేం?" అని. నాయనమ్మ చాలాసేపు చెప్పలేదు. ఆఖరికి అంది, "నాకు ఒక్కో మనిషి ఇద్దరిద్దరుగా కనపడుతున్నారే. కళ్ళు పూర్తిగా పోతున్నాయి. అబ్బాయితో చెప్పకు, అనవసరంగా ఖర్చు." కంట్లో పొర వుందని డాక్టరు అప్పటికి ఏడాది ముందే చెప్పి వున్నాడు. ఆపరేషనంటే ఆవిడకు భయం. తెర మీద రెండో రాముణ్ణి మేమందరం చూస్తున్నామని ఆవిడకు తెలియదు, ఆవిడ మనసులో ఏముందో మాకు తెలియదు. మేం నవ్వుతూ వుంటే, తన అవస్థకే నవ్వుతున్నామని కూడా అనుకుందో ఏమో.

నాన్నగారు ఉద్యోగరీత్యా నెలలో సగం రోజులు జిల్లాల్లో వుండేవారు. అమ్మ ఒక కొట్టుకు కబురు పెట్టింది. కుర్రాడు వచ్చి, పైకి ఎక్కకుండానే, "బూస్టరు పెట్టాలమ్మా" అన్నాడు. ధర విని అమ్మ మళ్ళీ కబురు చేస్తానంది. బూస్టరు పనికిమాలినదని నేననను. సూళ్ళూరుపేట వైపు మద్రాసు టి.వి. పట్టటానికి పొడుగాటి గొట్టాలూ బూస్టర్లూ పెట్టేవాళ్ళు, అక్కడ అది అవసరమే. దూరం వల్ల బొమ్మ నీరసంగా వస్తే, చీమలు పాకినట్టు గింజలు గింజలుగా వస్తే, దానికి బలం కావాలి. కానీ బొమ్మ రెండుగా వస్తే? బూస్టరు రెండింటినీ పెంచుతుంది. పాలల్లో నీళ్ళు కలిస్తే గిన్నె పెద్దది చేసుకుని ఏం లాభం?

రెండు బొమ్మలు ఎందుకు వస్తాయో నాకు చాలా ఏళ్ళ తరవాత తెలిసింది. టి.వి. బొమ్మ ఒక్కసారిగా పడదు. ముగ్గు గీత లాగినట్టు ఒక వెలుగుచుక్క ఎడమ నుంచి కుడికి గీతలు గీస్తూ పోతుంది. బొమ్మకు 625 గీతల లెక్క, సెకనుకు 25 బొమ్మలు. టవరు నుంచి తిన్నగా వచ్చిన తరంగం ఒక బొమ్మ గీస్తుంది. అదే తరంగం బంజారా రాళ్ళకు కొట్టుకుని వెనక్కి తిరిగి వస్తే, దానికి దారి ఎక్కువ కాబట్టి రవ్వంత ఆలస్యంగా వస్తుంది. ఆ లోపల చుక్క కుడికి జరిగిపోయి వుంటుంది. అందుకే రెండో రాముడు ఎప్పుడూ కుడిపక్కనే. చుక్క తెరకు ఈ చివర నుంచి ఆ చివరకు పోవటానికి సెకనులో సుమారు ఇరవైవేలవ వంతు పడుతుంది. అంతలోనే తరంగం పదిహేను కిలోమీటర్ల పైచిలుకు పోతుంది. మాది ఇరవై అంగుళాల టి.వి., తెర వెడల్పు నలభై సెంటీమీటర్లు. మూడు వేళ్ళంటే అయిదు సెంటీమీటర్లు. నేను చదివింది పదో తరగతే, అయినా త్రైరాశికం చేస్తే అదనపు దారి రెండు కిలోమీటర్లు తేలింది. అంటే పోను ఒకటి, రాను ఒకటి. మా ఇంటికి కిలోమీటరు వెనకాల వున్న ఏదో బండ. తెర మీద వేళ్ళు ఆనించి దయ్యం ఏ కొండ మీద వుందో చెప్పవచ్చునన్న మాట!

అమ్మకు ఈ లెక్కలేవీ తెలియవు. ఆవిడకు తెలిసింది వంట చెడితే ఒక్కొక్కటే చూసుకుంటూ పోవటం. ముందుగా తీగ చూసింది. అప్పట్లో రిబ్బనులాంటి చదును తీగ వుండేది. దాన్ని మేకులు కొట్టి గోడకు అతికిస్తే, ఇనప గొట్టానికి చుట్టబెడితే, వానకు తడిస్తే, బొమ్మ నీరసపడుతుంది. అమ్మ దాన్ని గోడకు బెత్తెడు ఎడంగా కట్టింది. చివర్ల రాగి నల్లబడితే నాన్నగారి పాత బ్లేడుతో గీకింది. వంగిన కమ్ములు సరిచేసింది. యాంటెన్నా పక్కనే వున్న గుడ్డలారేసే ఇనప తీగను విప్పి మెట్లగది అవతల కట్టింది. అదీ ఒక కమ్మిలాంటిదే, తరంగాన్ని దారి మళ్ళిస్తుంది. ఇవన్నీ చేశాక బొమ్మ తేటపడింది గానీ, రెండో రాముడు పోలేదు.

అప్పుడు గొట్టం పట్టుకుంది. ఒకరోజు కాదు, ఒక వారం. సాయంత్రం రైతుల కార్యక్రమం వచ్చే వేళకు పొయ్యి ఆర్పి డాబా ఎక్కేది. నేను మెట్ల మీద. తూర్పు-దక్షిణాల మధ్యకు, నౌబత్ పహాడ్ కేసి తిన్నగా తిప్పితే బొమ్మ బలంగా వచ్చింది, రెండోది సగం తగ్గింది, అంతే. అందరూ అక్కడే ఆపుతారు. అమ్మ ఇంకా కొంచెం, ఉత్తరం పక్కకు, వేలెడు వేలెడు తిప్పుతూ పోయింది. ఒకచోట నేను అరిచాను, "ఒక్కడే! రైతు ఒక్కడే వున్నాడు!" అని. బొమ్మ బలం కాస్త తగ్గింది, రెండోది మాత్రం మాయం. దాని మర్మం ఏమిటంటే, ఈ యాంటెన్నాకు బాగా వినపడే వైపు ఒకటున్నట్టే, బొత్తిగా వినపడని పక్కలు కూడా కొన్ని వుంటాయి. ఆ చెవిటి పక్క సరిగ్గా బంజారా బండ వైపు వచ్చేట్టు పెడితే, టవరు వైపు కొంచెం నష్టపోయినా సరే, దయ్యం నోరు మూస్తుంది. ఇది పెద్ద పెద్ద పుస్తకాల్లో వుంటుందిట. అమ్మ ఒక వారంలో చేత్తో చదువుకుంది.

గొట్టం మీదా దాని పట్టీ మీదా కలిపి నా గోళ్ళరంగు సీసాతో ఎర్రగీత పెట్టింది, మళ్ళీ గాలికి తిరిగితే గుర్తుండాలని. ఆ సీసాలో నాకు మిగిలింది ఏమీ లేదు.

ఆదివారం పొద్దున పీట తనే వేసి, "అత్తయ్యా, ఒకసారి రండి" అంది. నాయనమ్మ చాలాసేపు చూసింది. తెరమీద ఒక్కడే రాముడు. పొర వల్ల మసకే గానీ, ఒక్కడే. "అయితే నా కళ్ళు కావన్నమాట" అంది. ఆ ఏడాది దసరా వెళ్ళాక ఆపరేషను చేయించుకుంటానని తనే నాన్నగారితో చెప్పింది, చేయించుకుంది కూడా. రామాయణం 1988 జులై 31 దాకా వచ్చింది. సగం ఒక కంటితో, మిగతా సగం అద్దాలతో, ఒక్క వారం తప్పకుండా చూసింది.

ఆ తరవాత మా వీధిలో అమ్మకు పిలుపులు మొదలయ్యాయి. పక్కవీధి ఖాలాగారి ఇంట్లో రోజూ సాయంత్రం తెరకు అడ్డంగా చుక్కల వరసలు. మెకానిక్కు రెండుసార్లు వచ్చి ఏమీ లేదన్నాడు. అమ్మ వెళ్ళి కూర్చుంది, కింది వాటాలో మిక్సీ వేస్తే చుక్కలు, ఆపితే పోయాయి. మిక్సీ మోటారులో రేగే నిప్పురవ్వల పని అది. కుట్టుమిషను మోటారూ, స్కూటరు ప్లగ్గూ చేసేదీ అదే. చిత్రలహరి వచ్చే శుక్రవారం సాయంత్రం ఇడ్లీపిండి రుబ్బకూడదని రెండు వాటాల వాళ్ళూ రాజీపడ్డారు.

మా వీధికి కేబులు తీగ వచ్చింది 1990ల మొదట్లో. 1995లో తెలుగు ప్రైవేటు చానళ్ళు మొదలయ్యాక డాబా ఎక్కే పని పోయింది. దూరదర్శన్ తన పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను దాదాపు అన్నింటినీ 2022 నాటికి ఆపేసింది. ఇప్పుడు డాబాల మీద వున్నవి చిన్న గొడుగులు. దూరదర్శన్ వారి ఫ్రీ డిష్ గొడుగయితే దాదాపు తూర్పు-దక్షిణాల మధ్యకు తిరిగి, 93.5 డిగ్రీల దగ్గర వున్న ఉపగ్రహాన్ని చూస్తూ వుంటుంది. అది అటు ఇటు జరిగితే బొమ్మ మసకబారదు, రెండుగా రాదు, ముక్కలై పోతుంది లేదా మొత్తానికే పోతుంది. గింజలతోనైనా సగం సగం చూద్దామంటే కుదరదు.

మా డాబా మీద ఆ గొట్టం ఇంకా వుంది. కమ్ములు పాత సామాను వాడికి ఎప్పుడో వెళ్ళిపోయాయి. గొట్టం మీద ఎర్రగీత చాలావరకు రాలిపోయింది, పట్టీ కింద గోరంత మిగిలింది. అమ్మకు ఇప్పుడు డెబ్భై దాటాయి, మోకాళ్ళు సహకరించక డాబా ఎక్కదు. అప్పట్లో దరిదాపుల్లోకి రానివ్వని గుడ్డల తీగను, పోయిన చలికాలం ఆవిడే చెబితే, ఆ గొట్టానికే కట్టాను.